మిగులు వేగం

కంచెర్లపాలెం నాదస్వర విద్వాంసుడు షేక్ దస్తగిరి ముప్పై రెండేళ్ళ వృత్తిలో ఒకే ఒక్క ముహూర్తం తప్పాడు. ఆ తప్పు ఆయనది కాదు, ఆర్డినరీ బస్సుది. దారిలో ఒక ఆసామి మేకను ఎక్కించాడు. మేకకు టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరుకూ ఆసామికీ వాదం పడింది. అది తేలేలోపు మేక దిగి వెళ్ళిపోయింది గానీ బస్సు మాత్రం కదల్లేదు.

దస్తగిరి పందిట్లో అడుగు పెట్టేసరికి తాళి కట్టడం అయిపోయింది. గట్టిమేళం లేకుండా తాళి ఎలాగని పెళ్ళికొడుకు బాబాయి తన ఫోను తీసి మైకు దగ్గర పెట్టాడట. ముందు మోకాళ్ళ నొప్పుల తైలం ప్రకటన వచ్చింది, ఆ వెనక మేళం వచ్చింది. జనం తైలానికే అక్షింతలు వేసేశారు.

"ఫోను బాగానే వాయించింది సాయిబుగారూ! మీరు చేతులు కడుక్కుని భోంచేయండి" అన్నారు పెళ్ళివారు.

దస్తగిరి తింటూనే లెక్క వేసుకున్నాడు. ఒక ఇంట్లో దూరిన ఫోను మరో ఇంట్లో దూరడానికి ఎంతసేపు? ఇంకొక్క ముహూర్తం తప్పితే జిల్లాలో సన్నాయి పని అయిపోయినట్టే. అందుకని కారు కొనాలని తీర్మానించుకున్నాడు.

గుంటూరులో ఒకాయన తన సెకండ్ హ్యాండ్ కారు అమ్ముతున్నాడని డోలు అంకమరావు కబురు తెచ్చాడు. అంకమరావు ఆయన పక్కన ఇరవై ఏళ్ళుగా డోలు వాయిస్తున్నవాడు. వరసకేమీ కాకపోయినా మామా అనే పిలుస్తాడు. ఇద్దరూ వెళ్ళి చూశారు. చూడ్డానికి అగ్గిపెట్టెంత ఎర్ర హాచ్‌బ్యాక్. వెనక రెండు గొట్టాలు, నెత్తిన ఒక రెక్క. లోపల మాత్రం పందేల గుర్రానికి పెట్టాల్సిన ఇంజను పెట్టారు. అమ్మేవాడికి పెళ్ళి కుదిరింది. కాబోయే మామగారు ఒకసారి ఆ కారెక్కి, దిగినాక రెండు రోజులు మాట్లాడలేదట. అందుకే బేరం తేలిగ్గా తెగింది.

"రోజూ వాడుకోవచ్చా బాబూ?" అనడిగాడు దస్తగిరి.

"భేషుగ్గా. రోడ్డు బాగుంటే" అన్నాడు ఆయన.

ఆ రెండో మాట విలువ కంచెర్లపాలెం పొలిమేరలో తెలిసింది. కారు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. స్పీడుబ్రేకరు వస్తే అందరూ దిగాలి, కారు దాటాక మళ్ళీ ఎక్కాలి. సీట్లు నడుమును ఎంత ప్రేమగా పట్టుకుంటాయంటే, దిగేటప్పుడు అంకమరావును ఒకరు బయటినుంచి లాగాలి, ఇంకొకరు లోపల్నుంచి తొయ్యాలి. దస్తగిరి భార్య కాశింబీ మొదటి రోజే ఆరుసార్లు దిగి ఎక్కి, "పెళ్ళాన్ని ఎక్కించుకోను కొన్నావా, పెళ్ళాం చేత తోయించుకోను కొన్నావా?" అని అడిగింది.

అయినా రోడ్డు ఖాళీగా ఉన్నచోట కాలు కాస్త ఆనిస్తే మాత్రం ఆ కారు పోయే పోకడే వేరు. మొదటి పెళ్ళికి దస్తగిరి ఎంత ముందుగా చేరాడంటే, అక్కడ ఇంకా పందిరి వేస్తున్నారు. ఆయన్ను పనివాడనుకుని గుంజ పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. ముహూర్తానికి ముందు చేరినవాడికి గుంజ కూడా గౌరవమే కదా!

ఇక కారును తన పేరున మార్పించుకోవడమే మిగిలింది.

ఆ మధ్య పైవాళ్ళకు సమాన పంపిణీ మీద మళ్ళీ మోజు పుట్టింది. పంచడానికి భూమి మిగల్లేదు. వెతకగా వెతకగా వేగం కనిపించింది. కొందరి దగ్గర బోలెడంత ఉంది, కొందరి దగ్గర బొత్తిగా లేదు. వెంటనే వేగ పరిమితి నియమావళి వచ్చింది. దాన్ని అమలు చేయడానికి వేగ సమన్వయ కార్యాలయం వెలిసింది. ఆ కార్యాలయానికో జీపు వచ్చింది. జీపు కదలదు. అది వేరే శాఖ చూసుకోవాల్సిన విషయం.

కారు పేరు మారాలంటే ముందు అక్కడ ముద్ర పడాలి. అక్కడి గుమాస్తా బలరామమూర్తి దస్తగిరి ఫారం ముందేసుకుని అడిగాడు. "కారు దేనికి?"

"రోజువారీకి సార్. పెళ్ళిళ్ళకి పోతానికి."

"మీటరు మీద ఎంతుంది?"

"రెండొందల ముప్పై."

బలరామమూర్తి కలం ఆగింది. "మీరు ఎంతలో పోతారు?"

"గుంటల్లేని చోట నలభై సార్" అని మర్యాదకు కొంచెం తగ్గించి చెప్పాడు దస్తగిరి.

"మరి మిగిలిన నూటతొంభై ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను సార్? దాని మానాన అది అందులో ఉంటది."

"అదీ సంగతి. బీడు పెట్టారన్నమాట" అని గుమాస్తా లేచి, ఆయన్ను లోపలికి తీసుకెళ్ళాడు.

లోపల ఉపసంచాలకులు సర్వోత్తమరావుగారు ఉన్నారు. ఆయన మంచివాడు, లంచం ముట్టడు, ఎవరినీ కసరడు. నియమావళిని నమ్ముతాడు. అంతకంటే ప్రమాదకరమైన మనిషి ఉండడు.

"దస్తగిరి గారూ, సదరు వాహనము నందు నిక్షిప్తమై యున్న వేగము ప్రజల ఉమ్మడి ఆస్తి" అన్నారాయన. "ఒక కుటుంబమునకు గంటకు నలుబది కిలోమీటర్ల వరకే హక్కు. అంతకు మించినది మిగులు వేగముగా పరిగణింపబడి, నిర్వేగులైన పేదలకు పంచబడును. మీరు స్వచ్ఛందముగా వదులుకొనినచో శాలువా కూడా కప్పబడును."

"అయ్యా, ముహూర్తానికి అందుకోను కొన్న కారండీ. నలభైలో అందేదైతే బస్సే ఉండె గదా!"

"ముహూర్తము మా పరిధిలోనికి రాదు" అన్నారు సర్వోత్తమరావు చాలా సానుభూతిగా.

దస్తగిరి దిగాలుగా ఇంటికి వస్తే అంకమరావు ధైర్యం చెప్పాడు. "మా తాత సీలింగు రోజుల్లో మిగులు భూమంతా తలా కాస్త చుట్టాల పేరున రాశాడు మామా. పెంపుడు కుక్క పేరున కూడా ఎకరం ఉండేది. మనమూ అట్టాగే చేద్దాం పా."

అలా నలభై కాశింబీ పేరున, నలభై అంకమరావు పేరున డిక్లరేషను వేశారు. మిగిలింది ఎవరి పేరున రాయాలో ఆలోచిస్తూ ఉండగానే బలరామమూర్తి విచారణకు వచ్చి, చాట ముందేసుకుని కూర్చున్న కాశింబీని అడిగాడు. "మీకు గంటకు నలభై కిలోమీటర్లు ఉన్నట్టు రాశారు. నిజమేనామ్మా?"

"నా మొహం నలభై! నీళ్ళ బిందె పట్టుకుని పంపు దగ్గర్నుంచి ఇంటికి రాను అరగంట పడతంది నాయనా. ఎవుడు రాసిందది?"

బినామీ వేగం అక్కడికక్కడే రద్దయింది.

హైస్కూలు ఆవరణలో పంపిణీ సభ జరిగింది. సర్వేయరు వచ్చి, మీటరు అద్దం ఊడదీసి, నలభై దగ్గర ఎర్ర రంగుతో గట్టు వేశాడు. అక్కణ్ణుంచి పదేసి కిలోమీటర్ల చొప్పున పంతొమ్మిది ముక్కలు చేశాడు. చీట్లు తీశారు. నలభై నుంచి యాభై వరకు రిక్షా ఏసోబుకు పడింది. యాభై నుంచి అరవై పాడిగేదెల రత్తమ్మకు, ఆపైది సైకిలు మీద ఉత్తరాలు పంచే సుందరరావుకు, డెబ్భై నుంచి ఎనభై టీకొట్టు కోటేశుకు పడ్డాయి. ఎనభై నుంచి నూటఇరవై దాకా నాలుగు ముక్కలు ప్రభుత్వ అవసరాలకు, అంటే కార్యాలయం జీపుకు, అట్టిపెట్టారు. ఆపైన పదకొండు ముక్కలు పదకొండుమందికి వెళ్ళాయి. వాటిలో చిట్టచివరిది, రెండువందల ఇరవై నుంచి ముప్పై వరకూ, కాలు విరిగి మంచంలో ఉన్న వీరయ్య తాతకు దక్కింది. అందరికీ పట్టాలిచ్చారు. ఏసోబు తన పట్టాను లామినేషను చేయించి రిక్షాకు కట్టుకున్నాడు.

"ఇప్పుడు నీ రిక్షా ఎక్కితే యాభైలో తీసకపోతావా ఏందిరా?" అని కోటేశు ఎగతాళి చేశాడు.

"పట్టా వచ్చింది, పొజిషను రాలేదు" అన్నాడు ఏసోబు హుందాగా.

ఇంతలో మాఘమాసం వచ్చింది. సర్వోత్తమరావుగారి పెద్దమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఆయనే స్వయంగా కంచెర్లపాలెం వచ్చి దస్తగిరి చేతికి తాంబూలం ఇచ్చారు.

"మా వియ్యంకులవారు సంగీతమంటే చెవి కోసుకుంటారు. గట్టిమేళము ఫోనులో వినిపించినచో పీటల మీదినుంచి లేస్తామని ముందే సెలవిచ్చారు. ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం. నా మర్యాద మీ చేతిలో ఉంది."

"మీ మర్యాదే కాదు సార్, నా బతుకు కూడా అందులోనే ఉంది" అన్నాడు దస్తగిరి. అది నిజం. ఆ పెళ్ళికి జిల్లా జిల్లా అంతా వస్తుంది. అక్కడ వాయిస్తే పదేళ్ళ దాకా ఫోను ఆయన జోలికి రాదు. అక్కడ తప్పితే ఇక సన్నాయి అటకెక్కించుకోవడమే. పెళ్ళి మండపం ముప్పై ఆరు కిలోమీటర్లు. నలభైలో పోయినా గంట. ఎందుకైనా మంచిదని ఎనిమిదింటికే బయల్దేరదామని అంకమరావుకు చెప్పాడు.

పెళ్ళిరోజు ఏడున్నరకు డోలు కారులో కుక్కుతూ ఉండగా బలరామమూర్తి వచ్చాడు. ఆయన వెనక పట్టాదారులందరూ వచ్చారు. వీరయ్య తాతను మంచంతో సహా మోసుకొచ్చారు.

"లబ్ధిదారులందరికీ ఇవాళే మిగులు వేగం స్వాధీనపరచాలి. నివేదిక పైకి వెళ్ళాలట. స్వాధీనం అయ్యేదాకా బండి కదలరాదు" అని గుమాస్తా మెమో చదివాడు.

"మీ సారు కూతురి పెళ్ళే గదయ్యా ఇవాళ! అక్కడికే పోతన్నాం. ఈ మెమో మీద సంతకం ఎవురిది?"

"సారుదే. సంతకం చేసేటప్పుడు పెళ్ళి తేదీ ఖాయం కాలేదు."

స్వాధీనం ఎలా చేయాలన్నదాని మీద నియమావళి స్పష్టంగానే ఉంది. లబ్ధిదారుణ్ణి వాహనంలో కూర్చోబెట్టి, అతని హద్దుల మధ్య వాహనం నడిపి చూపాలి. పై వేగం నుంచి కిందికి రావాలి కాబట్టి మొదటి వంతు వీరయ్య తాతది. తాతను లోపలికి ఎక్కించడానికే ముప్పావుగంట పట్టింది. ఎక్కించాక రత్తమ్మ కారుకు అడ్డంగా నిలబడింది.

"ఆ తాత ముక్కకి పోవాలంటే ముందు నా యాభై మీద నుంచి గదా పోవాలా? నా దాంట్లో నుంచి దారి నేనియ్యను. ఇయ్యాల తాత పోతే రేపు ఊరంతా పోద్ది."

"నువ్వు నీదాంట్లోకి పోవాలన్నా నా గట్టు తొక్కాలమ్మో" అన్నాడు ఏసోబు.

"తొక్కుతా! పుట్టుకతో వచ్చిన దారది!"

"మొన్ననే పుట్టింది గదే ఆ వేగం!"

కారులోంచి వీరయ్య తాత, "గాల్లోంచి తీసకపోండిరా, ఎవురి గట్టూ తొక్కకుండా" అని అరిచాడు. సుందరరావు దారి హక్కుకు అర్జీ రాయడం మొదలెట్టాడు. కోటేశు ఇదే అదనుగా టీలు తెప్పించాడు. బలరామమూర్తి అందరి వాంగ్మూలాలూ రాసుకుని, రాసుకుని, చివరికి లేచి ప్రకటించాడు. "ఇది వివాదాస్పద వేగం. తదుపరి ఉత్తర్వుల దాకా యథాతథ స్థితి. బండి నలభై దాటరాదు."

అప్పటికి పదీ ఐదు. ముహూర్తానికి ఇంకా ముప్పై ఏడు నిమిషాలుంది. నలభైలో పోతే దస్తగిరి దారిలో ఉండగానే పెళ్ళికూతురు అత్తవారింటి మనిషైపోతుంది, లేదా పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆయన సన్నాయి సంచిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. కాశింబీ మంచినీళ్ళు తెచ్చి, చిన్నగా అంది.

"భూమి లేనోళ్ళు ఏం చేస్తారయ్యా? కౌలుకి తీసుకోరూ?"

దస్తగిరి దిగ్గున లేచాడు. "ఏసోబూ! నీ పది ఈ పూటకి కౌలుకియ్యరా!"

ఏసోబు గడ్డం గోక్కున్నాడు. "ఏమిస్తావేంది?"

"మీ మనవరాలి పుట్టినరోజుకి మేళం."

"పుట్టినరోజుకి సన్నాయా! మావోళ్ళలో ఇంతవరకు ఎవుడూ పెట్టించలేదే!" అన్న ఏసోబు కళ్ళు తళతళలాడాయి. "తీసుకో."

సుందరరావు రిటైరయ్యే రోజున తపాలా కార్యాలయం నుంచి ఇంటిదాకా ఊరేగింపు మేళం అడిగాడు. కోటేశు కొత్త పొయ్యి వెలిగించేటప్పుడు కావాలన్నాడు. రత్తమ్మ మాత్రం బిగుసుకుంది.

"నాకు పిల్లా జెల్లా లేరు. నా గేదె ఈ నెలలో ఈనుద్ది. పురుటిస్నానం నాడు వాయిస్తావా?"

"గేదెకా మామా?" అని అంకమరావు ఉలిక్కిపడ్డాడు.

"వాయిస్తా చెల్లెమ్మా. ఏ రాగం కావాలో అది కూడా చెప్పు" అన్నాడు దస్తగిరి.

ఎనభై దాకా కౌలు కుదిరి, వీరయ్య తాతను కారులోంచి లాగి మంచం మీదికి చేర్చేసరికి పదీ పావు. హక్కుదారులే ఒప్పుకున్నారు గనక అంతవరకు వివాదం లేదని రాసుకుని, తన జేబులో కూడా శుభలేఖ ఉంది కాబట్టి బలరామమూర్తి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అంకమరావు, అతని ఒళ్ళో డోలు, ఆ పక్కన ఏసోబు. తన వేగం దున్నేటప్పుడు తను లేకపోతే ఎలాగని అతను వచ్చాడు.

"ఇప్పుడు నాది... నాదే... అయిపోయింది. రత్తమ్మది వచ్చింది. పోనీ పోనీ, ఇదిగో పోస్టోడిది!" అని ఏసోబు మీటరు చూస్తూ పొలాలు చూపించినట్టు చూపిస్తున్నాడు. ఎనభై దగ్గర దస్తగిరి కాలు నిలిపాడు. ముప్పై ఆరు కిలోమీటర్లు ఎనభైలో పోతే సరిగ్గా ఇరవై ఏడు నిమిషాలు. కానీ ఆ లెక్కలో స్పీడుబ్రేకర్లు లేవు. రోడ్డు మీద రెండున్నాయి. ఒక్కో దగ్గర ముగ్గురూ దిగడం, దాటాక అంకమరావును సీట్లోకి దిగ్గొట్టడం, వెనకనే డోలు. హైవే ఎక్కేసరికి పది ముప్పై నాలుగు. ఇంకా పదమూడు కిలోమీటర్లుంది.

"ఎనభై దాటితే ప్రభుత్వ వేగం. చూశానంటే నేను పంచనామా రాయాలి" అన్నాడు బలరామమూర్తి.

"చూడమాకండి సార్!"

"చూడకపోతే విధుల్లో అలసత్వం."

ఆ ధర్మసంకటంలో ఆయన ఒక కన్ను మూసి, ఒక కన్నుతో చూశాడు. అలా చూసి తొంభై ఎనిమిది అని రాసుకున్నాడు. రెండు కళ్ళతో చూసిన అంకమరావు మాత్రం అసలు సంఖ్య ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. రోడ్డు పక్క గడ్డి మేస్తున్న ఆవులు తలెత్తే లోపల కారు పోయిందనీ, మళ్ళీ తల దించే లోపల చప్పుడు వచ్చిందనీ మాత్రం అంటాడు.

పురోహితుడు మాంగల్యం పెళ్ళికొడుకు చేతికిచ్చి వీధి గుమ్మం వైపు చూశాడు. వియ్యంకుడు పీట మీద సగం లేచాడు. పెళ్ళికొడుకు పినతండ్రి జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చేతికి ఫోను తగిలేలోపు గుమ్మంలోంచి గట్టిమేళం విరుచుకుపడింది. దస్తగిరి కారు దిగుతూనే అందుకున్నాడు. అంకమరావు సీటులోంచి ఊడిరాక కారులోనే డోలు మోగించాడు. తాళి పడింది. వియ్యంకుడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

సర్వోత్తమరావుగారు పట్టుపంచెలో, గుప్పెట నిండా అక్షింతలతో పరిగెత్తుకొచ్చారు. "దస్తగిరి గారూ, నా పరువు నిలిపారు! ఎప్పుడు బయల్దేరారు?"

"పదీ పావుకి సార్."

ఆయన మొహంలో తండ్రి నెమ్మదిగా వెనక్కి తగ్గి, ఉపసంచాలకులు ముందుకొచ్చారు. బలరామమూర్తి పంచనామా అందించాడు.

"ప్రభుత్వ వేగము నందు పద్దెనిమిది కిలోమీటర్లు ఆక్రమణ" అని చదివారు. "ఆక్రమిత ఆస్తి మీద పండిన పంట ప్రభుత్వమునకు చెందును. కావున ఆ వేగముతో తేబడిన గట్టిమేళమును ఇందుమూలముగా స్వాధీనము చేసుకొనుచున్నాము."

"తీసుకోండి సార్" అన్నాడు దస్తగిరి చెమట తుడుచుకుంటూ. "ఇంకా ఇక్కడే ఎక్కడో గాల్లో ఉంటది."

వియ్యంకుడు మళ్ళీ లేచాడు. "మేళం మీరు స్వాధీనం చేసుకుంటే పెళ్ళికి మేళం లేనట్టేగా బావగారూ! ఇంతకీ పెళ్ళి అయినట్టా, కానట్టా?"

"విచారణలో ఉన్నది."

"విచారణలో ఉందా!" అని పీటల దగ్గర్నుంచి సర్వోత్తమరావుగారి భార్య వైదేహమ్మ గొంతు వినిపించింది. "ముందు ఆ గుప్పెట్లో అక్షింతలు పిల్లల మీద వెయ్యండి. లేకపోతే నేనొచ్చి మీ విచారణ చేస్తాను."

ఆయన అక్షింతలు వేస్తూనే ఉత్తర్వు చెప్పారు, గుమాస్తా శుభలేఖ వెనక రాసుకున్నాడు. శుభకార్యము దృష్ట్యా ఆక్రమణ క్రమబద్ధీకరింపబడినది. ఆక్రమణదారునకే సదరు పద్దెనిమిదికి పట్టా మంజూరు చేయబడినది. పెళ్ళి చెల్లును.

అంటే దస్తగిరికి ఇప్పుడు సున్నా నుంచి నలభై దాకా ఉంది, ఎనభై నుంచి తొంభై ఎనిమిది దాకా ఉంది. మధ్యలో నలభై పరాయివాళ్ళది. పైగా మొత్తం యాభై ఎనిమిది కాబట్టి, పట్టా ఇచ్చిన వారానికే పద్దెనిమిది మిగులని నోటీసు వచ్చింది. దాన్ని కొలవడానికి బలరామమూర్తి కంచెర్లపాలెం వచ్చేసరికి దస్తగిరి ఇంట్లో లేడు. రత్తమ్మ గేదె ఈనింది, అక్కడ వాయిస్తున్నాడు.

"ఎలా వెళ్ళాడు? కారు ఇక్కడే ఉందే!"

"నడిచి పోయాడు నాయనా" అంది కాశింబీ.

గుమాస్తా కలం మళ్ళీ ఆగింది. వారం తిరక్కుండా ఇంకో నోటీసు వచ్చింది. "తమరు నడుచునప్పుడు వినియోగించు గంటకు నాలుగు కిలోమీటర్లను డిక్లరేషనులో చూపక దాచినందుకు సంజాయిషీ ఇవ్వవలెను."

దస్తగిరి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చేతిలోని సన్నాయిని తుడిచి గూట్లో పెట్టి, అంకమరావును పిలిచి జవాబు రాయించాడు. అయ్యా, దాచినది తప్పే. నడకలోని నాలుగు, కారులోని యాభై ఎనిమిది, మొత్తం ప్రభుత్వానికి సమర్పిస్తున్నాను. నేటినుంచి నా దగ్గర ఏ వేగమూ లేదు. నేను కదలను. మేళం కావలసినవారు నా దగ్గరికే రావలెను.

ఆ మాట ఊళ్ళకు ఊళ్ళు పాకింది. మొదట ఏసోబు తన మనవరాలిని ఎత్తుకొచ్చి దస్తగిరి వాకిట్లోనే పుట్టినరోజు చేశాడు. ఆ తర్వాత ఒక పెళ్ళివారు లారీలో పందిరి గుంజలేసుకుని వచ్చారు. ఆ వెనక వియ్యంకులవారి బంధువులు, వాళ్ళ బంధువులు. మేళం కదలదు గనక కల్యాణమే కదిలి రావాలని చెప్పుకోవడం గొప్పయింది. ఫాల్గుణం సగం కాకముందే కాశింబీ వాకిట్లో పూటకొక పెళ్ళి. ఎర్ర కారు బానెట్టు మీద తలంబ్రాల పళ్ళెం పెట్టుకునేవాళ్ళు. అంత చదునైన చోటు ఊళ్ళో మరొకటి లేదు మరి.

అప్పటినుంచి షేక్ దస్తగిరి ఒక్క ముహూర్తమూ తప్పలేదు. ఎలా తప్పుతాడు, కదిలితేగా!